ఎఫ్ఐఆర్ కాగితం వెనకవైపు

రాష్ట్ర హోం శాఖ, న్యాయ శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రివర్యులకు, కర్నూలు నుంచి అర్జీలు రాసే ఒక మనిషి నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

ఇరవై రెండేళ్లుగా కలెక్టరేట్ దారిలో చిన్న అంగడి పెట్టుకుని అర్జీలు రాసి, టైపు చేసి ఇస్తున్నాను. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జెరాక్స్ మిషను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఇంతే ఆస్తి. సోమవారం మాత్రం అన్నం తినడానికి కూడా తీరిక దొరకదు. ఆ రోజు కలెక్టర్ గారు అర్జీలు తీసుకుంటారు. ఆ కార్యక్రమం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది. 'మీకోసం' అన్నారు, 'స్పందన' అన్నారు, ఇప్పుడు 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక' అంటున్నారు. మా దగ్గరికొచ్చే జనం అప్పుడూ ఇప్పుడూ 'గ్రీవెన్సు' అనే అంటారు. మామూలుగా నేను రాసేవన్నీ ఊరివాళ్ల అర్జీలు. ఇది నా సొంతది. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

పోయిన ఎండాకాలం ఒక సోమవారం కోసిగి వైపు నుంచి ఒకామె వచ్చింది. తెల్లవారకముందే బయల్దేరి, ఆదోనికొచ్చి, అక్కణ్నుంచి ఎమ్మిగనూరు మీదుగా బస్సు పట్టుకుని, పదకొండింటికి నా అంగడి మెట్టెక్కింది. వితంతు పింఛను రాలేదు, అర్జీ రాయమంది. భర్త ఎట్లా పోయాడో అర్జీలో రాయాలి కాబట్టి అడిగాను.

"కొట్టి సంపినారన్నా" అంది.

ఆధారం ఏమన్నా ఉందా అంటే, చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఇంకో కవరు, దాంట్లోంచి ఎనిమిది మడతలు పెట్టిన ఎఫ్ఐఆర్ నకలు తీసింది. మడతల మీద అక్షరాలు అరిగిపోయాయి. సెక్షన్లు రాసిన గడి దగ్గర మడత తెగి వెలుతురు కనబడుతోంది. ఎందుకో తిప్పి చూశాను. వెనకవైపు పెన్సిలుతో ఏడో ఎక్కం రాసుంది. ఏడు ఏళ్లు నలభైతొమ్మిది దాకా వచ్చి ఆగిపోయింది.

"మా పిల్లోడు రాసినాడన్నా, కాగితం తెల్లగుందని."

అయ్యా, ఈ ఉత్తరమంతా ఆ తెల్లగా ఉన్న వెనకవైపు గురించే.

ఆమె భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు. చేను గట్టు దగ్గర మాటామాటా పెరిగింది, సాయంత్రానికి కట్టెలు లేచాయి. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చారు, మూడో రోజు పోయాడు. కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది. పరిహారానికి ఏమన్నా పెట్టుకున్నావా అమ్మా అని అడిగాను. ఆమె నా మొహం వంక వింతగా చూసి, "వాళ్లనా? వాళ్లు ఏంటికిస్తారన్నా?" అంది. పరిహారం అనగానే ఆమెకు తట్టింది చంపినవాళ్లే. ప్రభుత్వం ఇస్తుందనే ఊహే ఆ మనిషికి లేదు. నాలుగేళ్లలో ఆమె స్టేషన్‌కు పోయింది, ఆసుపత్రికి పోయింది, తహసీల్దారు ఆఫీసుకు పోయింది, కోర్టుకు పోయింది. నాలుగు చోట్లా ఆమె చెప్పింది రాసుకున్నారు. ఆమెకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

చెప్పడానికి లేకనా? ఉంది. 2008లో నేర విచారణ స్మృతిని (సీఆర్పీసీ) సవరించి 357ఎ అనే సెక్షన్ చేర్చారు, 2009 డిసెంబర్ 31 నుంచి అది అమల్లోకి వచ్చింది. నేరం వల్ల దెబ్బతిని, మళ్లీ నిలదొక్కుకోవడానికి సాయం కావాల్సినవాళ్లకు, వాళ్ల మీద ఆధారపడి బతికేవాళ్లకు పరిహారం ఇచ్చేందుకు ప్రతి రాష్ట్రమూ ఒక పథకం పెట్టాలన్నది దాని సారం. 2024 జులై 1న పాత స్మృతి పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, అందులో అదే 396వ సెక్షన్ అయింది. ఎంత ఇవ్వాలో తేల్చేది, పేదలకు ఉచితంగా న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ. అర్జీ అందాక రెండు నెలల్లో విచారణ ముగించాలి. నేరం చేసినవాడు ఎవరో తెలియకపోయినా, దొరక్కపోయినా బాధితులు నేరుగా అర్జీ పెట్టుకోవచ్చు. కేసు కొట్టేసినా కూడా, బాధితుడికి సాయం అవసరమనిపిస్తే కోర్టు సిఫారసు చేయొచ్చు. స్టేషన్ అధికారి ఒక సర్టిఫికెట్ ఇస్తే అప్పటికప్పుడు ఉచిత వైద్యానికి ఆ సంస్థే ఆదేశాలు ఇవ్వొచ్చు. ఆడవాళ్ల విషయంలో జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో విడిగా ఒక పథకం రాసింది, సుప్రీంకోర్టు ఒప్పుకున్నాక ఆ ఏడాది అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చింది. దాంట్లో పట్టిక ఉంది. ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు, అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం పాడైతే 7 నుంచి 8 లక్షలు, ఇట్లా. కోసిగి ఆమె కేసులో పోయింది మగమనిషి కాబట్టి అది ఈ పట్టిక కిందికి రాదు, రాష్ట్ర పథకం కింద అడగాలి. ఈ తేడా నాకే ఒక పూట చదివితే గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు మీరు నేషనల్ హైవే 44 మీద లారీ గుద్ది కాలు విరిగినవాణ్ని ఎవర్నైనా అడగండి. క్లెయిమ్ అంటే ఏమిటో, కేసు ఎక్కడ వేయాలో, ఇన్సూరెన్సువాళ్లు ఎంతకు దిగొస్తారో గడగడా చెబుతాడు. బడి మొహం చూడనివాడు కూడా చెబుతాడు. ఎందుకంటే కాలికి వేసిన కట్టు ఆరకముందే మంచం దగ్గరికి ఎవరో ఒకరు వచ్చి వకాలత్ మీద సంతకం పెట్టించుకుని ఉంటారు. వచ్చే డబ్బులో వాళ్లకూ ఇంత ఉంటుంది కాబట్టి వస్తారు. నేను తప్పు పట్టడం లేదు. ఆ ఆశే లేకపోతే రోడ్డు ప్రమాదాల పరిహారం గురించి సీమ పల్లెల్లో ఇంతమందికి తెలిసేదే కాదు. నేర బాధితుల పరిహారంలో ఎవరికీ ఏమీ మిగలదు. వకీలు లేకుండానే పెట్టుకోవచ్చు, మధ్యలో మనిషి అక్కర్లేదు. అందుకే అది ఎవరి నోటా రాదు. అంత దూరం ఎందుకు, గుద్దిన బండి దొరక్కుండా పారిపోతే ప్రాణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు ఇచ్చే కేంద్ర పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. మా వీధిలో పది మందిని అడిగి చూశాను. ఒకరికీ తెలియదు. అక్కడ కూడా ఎవరికీ ఏమీ మిగలదు మరి.

ఇంకో మాట, ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అర్జీలే అన్నంగా బతికే నాకు కూడా ఒకప్పుడు ఈ సంగతి తెలియదు.

మా అక్క ఒకరోజు పొద్దున ఐదున్నరకు వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. బండి మీద ఇద్దరొచ్చారు. అడ్రస్ అడిగినట్టు ఆగి మెడలో గొలుసు పట్టి లాగారు. గొలుసు గట్టిది, వెంటనే తెగలేదు. మనిషిని కూడా ఈడ్చుకుపోయారు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ముగ్గుపిండి మీద ఆమె అరచేయి ఈడ్చుకుపోయిన గీత సాయంత్రం దాకా అట్లాగే ఉంది, పోలీసులు చూడాలని మా బావ చిమ్మనివ్వలేదు. పోలీసులు వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, ఫొటోలు తీసుకున్నారు, ఎఫ్ఐఆర్ నకలు ఇచ్చారు. ఎవరినీ వేలెత్తి చూపించలేను. ఆపరేషను, ప్లేటు, ఫిజియోథెరపీ అన్నీ కలిపి ఎనభై వేలు దాటాయి. దొంగలు దొరకలేదు. కొంతకాలానికి, ఎంత వెతికినా ఆచూకీ తెలియలేదు, తెలిస్తే కబురు చేస్తామని కాగితం వచ్చింది. దాన్ని బీరువాలో పెట్టాం.

మూడేళ్ల నాలుగు నెలలకు నా అంగడికి న్యాయసేవాధికార సంస్థ తరఫున జనానికి సాయం చేసే ఒక ప్యారాలీగల్ వాలంటీర్ వచ్చాడు. ఒక దరఖాస్తు ఫారం నలభై కాపీలు కావాలన్నాడు. మిషనులో కాగితం పెడుతూ ఊరికే చదివాను. బాధితుల పరిహారానికి దరఖాస్తు అని ఉంది. నేరస్థుడు దొరక్కపోయినా పెట్టుకోవచ్చని ఉంది. మిషను ఆపేసి అతన్ని కూర్చోబెట్టి అడిగాను. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్రగాయమే, ఆడవాళ్ల పథకంలో ఆ గాయానికి 1 నుంచి 2 లక్షల దాకా ఉంది, కానీ నేరం జరిగిన నాటి నుంచో, కోర్టు విచారణ ముగిసిన నాటి నుంచో మూడేళ్ల లోపు అడగాలి అన్నాడు. మా అక్క కేసులో కోర్టు విచారణే మొదలుకాలేదు. నేరం జరిగి మూడేళ్లు దాటింది. అడిగి ఉంటే ఇచ్చేవారో లేదో వేరే సంగతి. అడగొచ్చని తెలిసుంటే అడిగేవాళ్లం. మిగతా ముప్పై కాపీలు తీసిచ్చి డబ్బులు తీసుకోలేదు. అదేమీ పుణ్యం కాదు, ఆ క్షణాన చిల్లర లెక్కపెట్టే ఓపిక లేక. మా అక్క ఇప్పటికీ కుడి చేత్తో సంగటి గెలకలేదు. ఆ పని మా బావ నేర్చుకున్నాడు.

అరెస్టు చేసిన మనిషికి ఏమేం చెప్పాలో మన చట్టంలో తు.చ. తప్పకుండా రాసుంది. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, ఇంటివాళ్లకు కబురు చేయాలి, ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి, వకీలును పెట్టుకునే హక్కుందని చెప్పాలి, స్తోమత లేకపోతే సర్కారు ఖర్చుతో వకీలును ఇవ్వాలి. డి.కె.బసు కేసులో 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిన నియమాలను ప్రతి స్టేషన్‌లో అందరికీ కనబడేట్టు రాసి పెట్టాలి. ఇదంతా ఉండాల్సిందే. ఒక్క అక్షరం తగ్గించమని నేను అడగను, లాకప్పుల సంగతి మా సీమవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను అడిగేదల్లా, ఆ బోర్డు పక్కన ఇంకో బోర్డుకు గోడ మీద చోటుందా లేదా అని.

మా ప్రాంతంలో ఈ ఖాళీ ఊరికే ఖాళీగా ఉండలేదు. ఇది అమరావతిలో కూర్చున్నవాళ్లకు తెలుసో లేదో గానీ, ఫ్యాక్షన్ ఊళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు. ఒక ఇంట్లో మనిషి పడిపోతే ఆసుపత్రికి జీపు పంపేది ఎవరు? రక్తానికి మనుషుల్ని తెచ్చేది, దినాలకు బియ్యం బస్తాలు దింపేది, వకీలుకు ఫీజు కట్టేది, పిల్లల్ని హాస్టల్లో వేసేది ఎవరు? నాయకుడు. ప్రభుత్వం రాని చోటికి నాయకుడి జీపు వచ్చింది. ఆ బియ్యానికి బదులు ఏమిటంటే, ఆ ఇంటి పిల్లోడు మీసాలొచ్చాక నాయకుడు పిలిచినప్పుడు బండెక్కాలి. ఫ్యాక్షన్ గురించి ఎన్నో మాటలు మాట్లాడతారు, పౌరుషం అంటారు, రక్తంలోనే ఉందంటారు. నాకు కనబడింది మాత్రం ఇదే. బాధితుల సహాయ పథకం అనే పేరు లేకుండా ఒక పథకాన్ని మా ఊళ్లలో రెండు తరాలు నడిపింది ఫ్యాక్షన్ నాయకులే. వడ్డీ మాత్రం చాలా ఎక్కువ తీసుకున్నారు.

ఇప్పుడు జీపులు తగ్గాయి. పెద్దమనుషుల రాజీలు తగ్గలేదు. తలకు దెబ్బ తగిలి పదిహేను రోజులు మంచంలో ఉన్న కూలి మనిషి ఇంటికి, చార్జిషీటు పడకముందే ఇద్దరు పెద్దమనుషులు వస్తారు. "ఏమొస్తాది రా కోర్టులో, లక్షన్నర ఇప్పిస్తాం, సాక్ష్యం కాడ కొంచెం సర్దుకో." ఆ పూటకు ఇంట్లో మందులకు డబ్బుల్లేవు. సర్దుకుంటాడు. కోర్టులో "నాకేం తెలియదు సార్" అంటాడు. కేసు పోతుంది. ఆ తరవాత మీటింగుల్లో అధికారులు, సాక్షులు ఎదురు తిరుగుతున్నారండీ, జనంలో నిజాయితీ లేదండీ అంటారు. పెద్దమనుషుల లక్షన్నర పది రోజుల్లో వచ్చింది. ప్రభుత్వం ఇవ్వాల్సింది ఉందన్న సంగతే అతనికి ఎవరూ చెప్పలేదు. ఈ రెండింటిలో అతను దేన్ని ఎంచుకుంటాడనుకున్నారు?

సాక్షి అంటే గుర్తొచ్చింది, సుగ్గి మాట కూడా చెప్పాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు పల్లెల్లో పంటలు అయిపోయాక ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను వదిలి, గుంటూరు వైపు మిరపకాయల కోతలకు పోతారు. దాన్నే మేం సుగ్గికి పోవడం అంటాం. సరిగ్గా ఆ నెలల్లో కోర్టు నుంచి సమను వస్తుంది. ఇంటికి తాళం. సాక్షి వాయిదాకు రాదు. ఇంకో వాయిదా, మళ్లీ రాదు. అప్పుడు వారెంటు పుడుతుంది, చంపినవాడి మీద కాదు, చచ్చినవాడి పెళ్లాం మీద. కోసిగి ఆమె సంచిలో ఎఫ్ఐఆర్ కింద ఆ వారెంటు తాలూకు కాగితం కూడా ఉంది. "మిరపకాయలు కోస్తాంటే పోలీసులు ఫోన్ చేసినారన్నా, నేనేం తప్పు చేసినానో అర్థం కాలే" అంది. రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చింది. రెండు రోజుల కూలి పోయింది, చార్జీలు పోయాయి. సాక్ష్యానికి వచ్చినవాళ్లకు కోర్టు ఖర్చులు ఇప్పించవచ్చని చట్టంలో ఉంది, కోర్టుల్లో దాన్ని బత్తా అంటారు. ఆమె అడగలేదు. బత్తా అంటే రైసుమిల్లులో బస్తా అనుకుంది పాపం.

మీరు ఒకమాట అనొచ్చు, ఇట్లాంటివి పక్కాగా అమలు చేయడం అంత తేలిక కాదని. ప్రభుత్వమే ఒకచోట చేసి చూపించింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995 నియమాలు, వాటికి 2016లో చేసిన సవరణ తీసి చూడండి. ఏ నేరానికి ఎంత, అది ఎప్పుడు ఎంత శాతం ఇవ్వాలి, అన్నీ గడులు గీసి ఉంది. 2016 పట్టికలో హత్యకు 8 లక్షల 25 వేలు, అందులో సగం పోస్టుమార్టం కాగానే, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు పోగానే. సాక్ష్యానికి వచ్చేవాళ్లకు దారి ఖర్చులు, భోజనం ఖర్చులు కూడా రాశారు. కలెక్టర్ గారు కూర్చుని మూడు నెలలకొకసారి చూసుకోవాల్సిన కమిటీ ఉంది. అక్కడ కూడా జాప్యాలు ఉన్నాయి, నేనే ఎన్నో అర్జీలు రాశాను. కానీ ఆ అర్జీల్లో "పలానా నియమం ప్రకారం నాకు రావాల్సిన రెండో సగం" అని రాస్తాను. అడిగే మనిషికి తనకేం రావాలో తెలుసు. దళిత సంఘాలవాళ్లు ఊరూరా తిరిగి చెప్పబట్టి తెలిసింది. మిగతా బాధితులకు ఆ చెప్పేవాళ్లు లేరు. ఇదొక్కటే తేడా.

పెద్ద వార్త అయిన కేసు సంగతి వేరు. టీవీవాళ్లు వస్తే వెనకాలే ఎక్స్‌గ్రేషియా వస్తుంది, చెక్కు పట్టుకుని ఫొటో కూడా దిగుతారు. కెమెరా రాని ఇంటికి చెక్కు రాదు. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. 396వ సెక్షన్ దయ కాదు.

కప్పట్రాళ్ల గుర్తుందా మీకు? దేవనకొండ మండలంలో ఫ్యాక్షన్‌కు పేరుపడిన ఆ ఊరిని మా జిల్లా ఎస్పీగా పనిచేసిన ఒకాయన దత్తత తీసుకున్నారు. దండం పెట్టాలి అట్లాంటి అధికారికి. కానీ ఊరూరికీ ఒక ఎస్పీ దొరకడు కదా. కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి మేం హైకోర్టు అడుగుతున్నాం, ఇప్పుడు బెంచ్ మాట వినబడుతోంది, రానీండి, సంతోషమే. నేను అడిగేది దానికంటే చాలా చిన్నది. దానికి స్థలం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు.

కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదు చేసినవాళ్లకో, బాధితులకో ఉచితంగా ఇవ్వాలి. ఇస్తున్నారు. నేరం జరిగిన ప్రతి ఇంటికీ ప్రభుత్వం చేతి నుంచి తప్పకుండా చేరే కాగితం అదొక్కటే. దాన్ని ఆ ఇల్లు ఏళ్ల తరబడి కవరులో కవరు పెట్టి దాచుకుంటుంది. దాని వెనకవైపు తెల్లగా ఉంది. అక్కడ తెలుగులో అచ్చు వేయండి. పరిహారం అడగొచ్చని, ఎక్కడ అడగాలో, ఎప్పటిలోగా అడగాలో, డబ్బు కట్టక్కర్లేదని. దొంగ దొరక్కపోయినా అడగొచ్చని. తొంభై రోజుల్లో కేసు ఎంతవరకొచ్చిందో పోలీసులే చెప్పాలని 193వ సెక్షన్‌లో ఉంది, అది. అత్యాచారం, యాసిడ్ దాడి కేసుల్లో ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని 397లో ఉంది, అది. న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100, ఆడవాళ్లకు 181, సఖి కేంద్రంలో వైద్యం, వకీలు, తలదాచుకునే చోటు ఒకే దగ్గర దొరుకుతాయని. సాక్ష్యానికి వస్తే బత్తా అడగొచ్చని. కాగితం అక్కడే సరిపోతుంది, నేను కొలిచి చూశాను.

కాగితం మీద అచ్చేస్తే చాలదని నాకూ తెలుసు, నా అంగడికొచ్చేవాళ్లలో సగం మంది వేలిముద్రవాళ్లే. ప్రతి గ్రామ సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శి అని ఒక ఉద్యోగం పెట్టారు, 2019 నుంచి ఉంది. ఊళ్లో ఎఫ్ఐఆర్ అయిన వారంలోపు ఆ అమ్మాయి ఆ ఇంటికి పోయి, ఆ వెనకవైపు చదివి వినిపించి, అక్కడే దరఖాస్తు నింపించి న్యాయసేవాధికార సంస్థకు పంపాలని ఒక జీవో ఇవ్వండి. కోసిగి నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్ల పైనే. కోర్టులున్న ఊళ్లలో మండల న్యాయసేవా కమిటీలు ఉన్నాయి, అక్కడే తీసుకోమనండి. ఏడాదికొకసారి జిల్లావారీగా ఎన్ని ఎఫ్ఐఆర్‌లు, ఎన్ని పరిహారం దరఖాస్తులు, ఎందరికి ఎంత అందిందో పేర్లు లేకుండా అంకెలు మాత్రం కలెక్టరేట్ గోడకు అంటించండి. సోమవారం వచ్చే జనం చూస్తారు, నేను చదివి చెబుతాను.

తెలిస్తే డబ్బు కోసం దొంగ కేసులు పెడతారని ఒక వకీలు మిత్రుడు నాతో వాదించాడు. పెట్టేవాళ్లు ఎక్కడో ఒకరు పెడతారు. విచారణ చేసి తేల్చడానికే కదా ఆ సంస్థ ఉన్నది. పింఛన్లలో దొంగ పింఛన్లున్నాయని పింఛన్ల సంగతి ఎవరికీ చెప్పకుండా దాచామా? ఇంకొకాయన అంతా వెబ్‌సైట్‌లో ఉంది కదా అన్నాడు. కోసిగి ఆమెది బటన్ల ఫోను. దాని వెనక మూతకు రబ్బరు బ్యాండు వేసుంది.

ఆమె దరఖాస్తు నేనే టైపు చేసి ఇచ్చాను. విచారణలో ఉంది, అందుకని ఇంతకంటే రాయను. ఎఫ్ఐఆర్ జెరాక్స్ తీస్తుంటే, రెండువైపులా తీయాలా అన్నా అని అడిగింది. దరఖాస్తుకు ముందువైపు చాలమ్మా అన్నాను.

ఈ ఉత్తరానికి ఒక కాగితం జత చేస్తున్నాను. ఎఫ్ఐఆర్ వెనకవైపు అచ్చు వేయడానికి నేను తయారుచేసిన నమూనా. ముందు సెక్షన్లతో సహా రాశాను, ఆమె కొడుకుతో ఫోన్‌లో చదివించి చూశాను. ఇప్పుడు ఆరో తరగతికి వచ్చాడు. 'పునరావాసం' దగ్గర ఆగిపోయాడు, 'అధికార పరిధి' దగ్గర మళ్లీ ఆగాడు. పునరావాసం తీసేసి 'మళ్లీ నిలబడడానికి డబ్బు సాయం' అని, అధికార పరిధి తీసేసి 'మీ ఊరికి ఏ కోర్టో ఆ కోర్టు' అని మార్చాను. రెండోసారి ఆగకుండా చదివాడు. మీ ఆఫీసుకు చేరాక దాన్ని మళ్లీ మొదటి భాషలోకి మార్చకుండా అచ్చు వేయించగలరు.

ఇట్లు,
కలెక్టరేట్ దారిలో అర్జీలు రాసే మనిషి,
కర్నూలు.